గురక మొదలైనప్పటి నుంచి తొమ్మిది గంటలు

డిగ్లీపూర్ బస్టాండ్ వెనక రేకుల షెడ్డులో మా డ్రైవర్ల పడకగది ఉంది. ఆ గదికి జైలరు నూకరత్నమక్క. జైలరని సరదాకి అనడం లేదు నేను. పోర్ట్‌బ్లెయిర్‌లో పాత జైలు చూడ్డానికి దేశం నలుమూలల నుంచీ జనం విమానాలెక్కి వస్తారు, టికెట్ కొని మరీ చూస్తారు. నేను మాత్రం వారానికి మూడుసార్లు డిగ్లీపూర్‌లో ఉత్తినే అనుభవిస్తాను.

నా పేరు లోకనాథం. ఇల్లు పోర్ట్‌బ్లెయిర్ డైరీ ఫార్మ్‌లో. మా తాత సోంపేట దగ్గర్నుంచి వలలు భుజానేసుకుని ఈ దీవులకొచ్చాడు. మా నాన్న చాతం రంపపు మిల్లులో పని చేశాడు. నేను స్టీరింగు పట్టుకున్నాను. ప్రైవేటు బస్సు నడపబట్టి పదకొండేళ్ళు. పోర్ట్‌బ్లెయిర్‌లో తెల్లారగట్ల నాలుగింటికి బయల్దేరితే, జిర్కాటాంగ్ గేటు దగ్గర కాన్వాయ్ కోసం ఆగి, అడవిలో బండి వెనక బండిగా పాకి, మిడిల్ స్ట్రెయిట్‌లో పాయ దాటడానికి బస్సుని ఫెర్రీ మీదకెక్కించి, దించి, రంగత్ దాటి, మధ్యాహ్నం మూడింటికి డిగ్లీపూర్. అప్పటికి నా నడుం నా మాట వినదు.

మా గది చూసుకోడానికి, మాకింత అన్నం చేపలకూర వండిపెట్టడానికి బస్సు ఓనరు వాసుదేవ్ సేఠ్ పెట్టిన మనిషే నూకరత్నమక్క. యాభై దాటింది. అంతకుముందు ఏరియల్ బే జెట్టీలో చేపలమ్మేది. ఆ గొంతు ఇంకా అక్కడే ఉంది. పక్కన నిలబడి "నీళ్ళు కావాలా తమ్ముడూ" అని అడిగితే అవతల ఒడ్డున పడవవాడు కూడా అక్కర్లేదని చెయ్యూపుతాడు. ఆవిడ భర్త మల్లేశు బావ ఎడంకాలు ఈడుస్తూ నడుస్తాడు, ఉల్లిపాయలు తరుగుతాడు, ఎవరేమన్నా నవ్వుతాడు.

రెండేళ్ళ కిందట సేఠ్ కొత్త పర్మిట్ తెచ్చుకున్నాడు. దాంతోపాటు రవాణా ఆఫీసువాళ్ళు ఒక కాయితం చేతిలో పెట్టారు. డ్యూటీ దిగిన డ్రైవరు మళ్ళీ బండెక్కేలోపు వరసగా తొమ్మిది గంటలు విశ్రాంతి తీసుకోవాలి. ఐదు గంటలు నడిపాక అరగంటైనా ఆగాలి. పొద్దున్న మొదలెట్టిన పని పన్నెండు గంటలకి మించి సాగకూడదు. సేఠ్ దాన్ని హిందీలో టైపు చేయించి మా గది గోడకి అంటించాడు. దాని పక్కనే "గోడల మీద ఉమ్మరాదు" అని ఇంకో కాయితం ఉండేది. మావాళ్ళు సరిగ్గా దాని మీదే ఉమ్మేవాళ్ళు. కొత్త కాయితానికి కూడా అదే మర్యాద అనుకున్నాం.

నూకరత్నమక్కకి చదువు రాదు. మా రెండో బస్సు డ్రైవరు చక్రి చేత పైకి చదివించుకుంది. నడుం మీద చెయ్యేసుకుని అంతా వింది.

"ఏటి, ఇంతేనా? ఇది మా అత్త పెట్టిన రూలేగదరా! దీనికి ఢిల్లీ దాకా ఎందుకెళ్ళారు?" అంది.

వాళ్ళింట్లో ఒక ఆచారముందట. సముద్రం నుంచి వచ్చిన మగాడు తిని, పడుకుని, తనంతట తాను లేచేదాకా ఎవరూ వాడికి ఏ కబురూ చెప్పకూడదు. మంచీ చెప్పకూడదు, చెడూ చెప్పకూడదు. కొడుకు పుట్టినా అంతే, కొంప అంటుకున్నా అంతే. సరే, బాగానే ఉంది. కానీ లెక్క దగ్గరే మా కొంప మునిగింది. కళ్ళు తెరుచుకుని పడుకున్నవాడు ఇంకా సముద్రంలో ఉన్నట్టే లెక్క వాళ్ళకి. గురక వినపడితేనే ఒడ్డుకొచ్చినట్టు. కాబట్టి ఆఫీసు తొమ్మిది గంటలు డ్యూటీ దిగినప్పట్నుంచి మొదలైతే, ఆవిడ తొమ్మిది గంటలు గురక మొదలైనప్పట్నుంచి!

"అక్కా, కాయితంలో గురక అని ఎక్కడుంది?" అని అరిచాను.

"విశ్రాంతి అని ఉందా లేదా?"

"ఉంది."

"మరి గురక లేని విశ్రాంతి ఏటిరా? ఆకులో అన్నం లేకుండా భోజనమా?"

తర్వాత మొదలైంది మా నరకం. మేం లోపల పడుకోగానే బయట గొళ్ళెం పడుతుంది. తలుపుకి చెవి ఆనించి కూర్చుంటుంది. గురక వినగానే రిజిస్టర్ తీసి, చదువు రాదు కదా, ఒక గుండ్రం గీసి అందులో రెండు ముళ్ళు పెడుతుంది. లేచాక ఇంకో గుండ్రం, ఇంకో రెండు ముళ్ళు. మా రిజిస్టర్ తెరిస్తే గడియారాల కొట్టు తెరిచినట్టుంటుంది.

చక్రి తెలివైనవాడు. పడుకున్న రెండో నిమిషంలోనే దొంగగురక మొదలెట్టాడు. అక్క తలుపవతల నుంచి నవ్వింది. "ఆపరా. నిజం గురక మధ్యలో తడబడుతుంది. నీది బ్యాండుమేళం లాగ వరస తప్పట్లేదు." వాడు మర్నాడు మధ్యమధ్యలో తడబడ్డం ప్రాక్టీసు చేశాడు. చేస్తూ చేస్తూ నిజంగానే నిద్రపోయాడు. వాడికి కోపమొచ్చింది గానీ, ఎవరి మీద పడాలో తెలీలేదు.

నేను లెక్కల దారిలో వచ్చాను. "అక్కా, కాన్వాయ్ కోసం గంటన్నర కూర్చున్నా. ఫెర్రీ కోసం గంట. రంగత్‌లో భోజనానికి అరగంట. ఇవన్నీ నా విశ్రాంతిలో కలుపు. ఇంకో ఆరుగంటలు పడుకుంటే చాలు."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "నీ పెళ్ళాం పద్మినికి చీర కొనమంటే, జానెడు జానెడు ముక్కలు ఇరవై తెచ్చి, కలిపి కట్టుకోమంటావా? వరసగా అని రాశారు గదా. వరసగా అంటే ముక్క పడకూడదు."

నిజం చెప్పాలంటే, ఆ రెండేళ్ళలో నా నడుంనొప్పి తగ్గింది. ఆ సంగతి ఆవిడకి చెబుతానా? చచ్చినా చెప్పను. చెబితే తొమ్మిది పదవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి.

పోయిన ఏడాది చివర్లో సేఠ్ కొత్త ఏసీ కోచ్ ఆర్డరిచ్చాడు. చెన్నై నుంచి ఓడలో వస్తుంది. సీటు కింద గాలి స్ప్రింగులు. మీకు తెలీదు, ఆ మార్గంలో గుంతలెన్నో నా వెన్నుపూసకి పేరుపేరునా తెలుసు. "లోకనాథం, అది నీకే," అని సేఠ్ మాటిచ్చాడు. నేను ఇంటికెళ్ళి పద్మినికి ఒక్క ముక్క చెప్పాను. మర్నాటికి డైరీ ఫార్మ్ మొత్తానికి తెలుసు. కూరగాయల దీదీ కూడా "భయ్యా, నయీ బస్ కబ్?" అని కొత్త బస్సు గురించి అడుగుతోంది. ఆ బండి రాకపోతే నేను వీధిలో తలెత్తుకోలేను, అదీ పరిస్థితి.

ఈలోగా సేఠ్ మేనకోడలు శ్రీలక్ష్మి పెళ్ళి వచ్చిపడింది. పెళ్ళి డిగ్లీపూర్‌లో, రాత్రి ఎనిమిదింటికి ముహూర్తం. మగపెళ్ళివారు నలభైమంది పోర్ట్‌బ్లెయిర్ నుంచి పడవలో కాళీఘాట్ జెట్టీలో దిగుతారు. అక్కణ్ణుంచి వంకర రోడ్డులో డిగ్లీపూర్‌కి తీసుకురావాలి. దానికి మాట్లాడిన బండి ఆ మధ్యాహ్నమే యాక్సిల్ విరిగి కూర్చుంది.

నాకివేవీ తెలీవు. తెల్లారగట్ల మూడున్నరకి డిపోలో డ్యూటీ ఎక్కినవాణ్ణి, ఆ రోజు ఫెర్రీ కూడా లేటు, నాలుగుంబావుకి డిగ్లీపూర్‌లో దిగాను. నాలుగు ముద్దలు మింగి చాప మీద పడ్డాను. గొళ్ళెం పడ్డ చప్పుడు కూడా వినలేదు.

"లోకనాథం! లెయ్ లెయ్! బండి తియ్యాలి!"

కిటికీ ఊచలవతల సేఠ్ మొహం. పట్టుచొక్కా, మెడలో బంగారం, నెత్తిన చెమట. లేచి కిటికీ పట్టుకున్నాను. తలుపు ముందు నూకరత్నమక్క కత్తిపీట వేసుకుని కూర్చుని చేపలు కోస్తోంది. కదల్లేదు. లేపినందుకు సేఠ్‌ని చూసిన చూపు మాత్రం, కత్తిపీట మీద చేపని చూసినట్టే చూసింది.

"రత్నం, తలుపు తియ్యి. మగపెళ్ళివారు జెట్టీలో ఎండలో నిలబడి ఉన్నారు."

"గొడుగులు పంపించండి బాబుగారూ."

"హాస్యమాడకు! వీడు వెళ్ళి ఏడింటికల్లా తెచ్చేస్తాడు. రేపు ఆరింటికి గదా బండి. ఏడు నుంచి ఐదు దాకా పదిగంటలు పడుకోమను. నీ తొమ్మిది నీకొచ్చింది, పైన ఒకటి కొసరు. చాలా?"

నాకు భలే నచ్చింది లెక్క. "అవునక్కా! పదిగంటలు!" అన్నాను ఊచల్లోంచి.

అక్క చేప తల తీసి పక్కనేసింది. "ఆ లెక్క రేపటిది. ఇవాళ్టిది చెప్పండి. మూడున్నరకి డ్యూటీ ఎక్కినోడు. ఇప్పుడు నాలుగూ నలభై. వేళ్ళు మడిచి చూసుకోండి, పదమూడు గంటలు దాటింది. మీరంటించిన కాయితంలో పన్నెండు తర్వాత ఏం రాసుంది?"

సేఠ్ కాయితం వైపు చూళ్ళేదు. తానే అంటించాడు గదా.

"ఇంకోటి," అంది అక్క. "పెళ్ళిబస్సు చెప్పిన వేళకి రావడం మీ వంశంలో ఎవరైనా చూశారా బాబుగారూ? ఒకడు చెప్పు మర్చిపోతాడు. ఒకామె దారిలో పూలు కొంటానంటది. పెళ్ళికొడుకు బావమరిది అలుగుతాడు. ఏడు అంటే తొమ్మిది."

"నువ్వెవరివి నాకు చెప్పడానికి? గది ఎవరిది? నాది!"

"గది మీదే. తలుపు మీదే. లోపలున్న నిద్ర మాత్రం మీది కాదు."

సేఠ్ మొహం పట్టుచొక్కా రంగుకొచ్చింది. అది ఎర్రటి చొక్కా. "అయితే రేపట్నుంచి ఈ గది నీది కాదు. మూట సర్దుకో."

అక్క చెయ్యి ఆగింది. మల్లేశు బావ ఉల్లిపాయలు వదిలేసి లేచి నిలబడ్డాడు. ఆ ఇద్దరికీ ఆ గది తప్ప ఇంకేమీ లేదని అందరికీ తెలుసు. ఒక్క క్షణం నాకు జాలేసింది. వెంటనే సేఠ్ నా వైపు తిరిగాడు.

"నీకూ చెబుతున్నాను. ఐదు నిమిషాల్లో నువ్వు బయట లేకపోతే కొత్త కోచ్ చక్రికిచ్చేస్తాను."

జాలీ లేదు, గీలీ లేదు. ఒళ్ళు మండిపోయింది. "అక్కా! తలుపు తియ్యి! నీ అత్తగారి ఆచారం నా నెత్తిన రుద్దుతావేటి? నా పొట్ట కొడతావా? నేను నీ మొగుణ్ణి కాదు, నీ కొడుకుని కాదు, నా నిద్ర నా ఇష్టం!" అని నానా మాటలూ అన్నాను. ఇక్కడ రాయలేనివి కూడా రెండున్నాయి.

ఆవిడకి కోపం రాలేదు. దాంతో నాకు ఇంకా మండింది. సేఠ్‌తో మెల్లగా అంది. ఆవిడ గొంతు అంత మెల్లగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఒకసారి లేపాను బాబుగారూ. రెండు రాత్రులు వేటాడొచ్చి పడుకున్నాడు ఈ మనిషి. చేప పడతందని జెట్టీ అంతా గోల. అందరి మగాళ్ళూ ఎల్తన్నారని నేనే భుజం పట్టుకు లేపాను. నాకసలు నిద్రే రాట్లేదన్నాడు. పడవ మీద కూర్చుని నిద్రపోయి రాళ్ళ మీదకెక్కించాడు. ఆ కాలు చూడండి."

"నా కాలు చూపించకపోతే నీకు మాటే పెగలదేటే," అన్నాడు మల్లేశు బావ. అని నవ్వాడు గానీ, ఆవిడ భుజం మీద చెయ్యేశాడు.

సేఠ్ వినిపించుకునే స్థితిలో లేడు. ఫోన్ మోగుతోంది. నేను ఊచలు రెండు చేతులా పట్టుకుని, "సేఠ్, ఈవిడ మాటలు వినకండి. నాకసలు నిద్రే రావట్లేదు. నా కళ్ళు చూడండి. గొళ్ళెం మీరు తియ్యండి, మొహం కడుక్కుని ఐదు నిమిషాల్లో...

"...బండి తీస్తాను సేఠ్!"

సేఠ్ లేడు. కిటికీ కూడా లేదు. చాప మీద ఉన్నాను, తల కింద దిండుంది. తలుపు బార్లా తెరిచి ఉంది. వెలుతురు పల్చగా పడుతోంది. గుమ్మంలో మల్లేశు బావ బ్రష్షు నోట్లో పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"ఏ బండిరా? ఐదవుతోంది. పొద్దున్న ఐదు."

నేను నమ్మలేదు. బావ నోరు కడుక్కుని వచ్చి, తాపీగా కూర్చుని చెప్పాడు. నేను ఐదు నిమిషాల్లో అన్న మాట దగ్గర నుదురు ఊచలకి ఆనించి, నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే గురక మొదలెట్టానట. సేఠ్ పాపం ఇంకా అవతల నుంచి, "ఊఁ, ఐదు నిమిషాల్లో? ఐదు నిమిషాల్లో ఏంటి?" అని రెండుసార్లు అడిగాడట. మూడోసారి అడగలేదట. తర్వాత గొళ్ళెం తానే తీశాడు. తలవైపు బావ పట్టుకుంటే, కాళ్ళవైపు సేఠ్ పట్టుకుని నన్ను చాప మీదకి చేర్చారట.

"సేఠ్ నా కాళ్ళు పట్టుకున్నాడా?"

"రెండూ."

"మరి పెళ్ళి?"

పెళ్ళి అయిందట. అక్కే ఏరియల్ బేలో ఒకప్పుడు తనతో చేపలమ్మిన నూకన్నకి ఫోన్ చేసింది. వాడి చేపల పికప్ వ్యాన్లు రెండూ నీళ్ళు కొట్టి కడిగి, ఐసు పెట్టెల మీద దుప్పట్లు పరిచి పంపించాడు. మగపెళ్ళివారు నలభైమందీ వాటిలో వచ్చారు. పెళ్ళికొడుకు తల్లి కాళమ్మగారు ముందు సీట్లో, మిగతావాళ్ళు వెనక పెట్టెల మీద. దిగగానే ఆవిడ, "పీతల్ని తెచ్చినట్టు తెచ్చారు మమ్మల్ని!" అని మండపం అదిరేలా అరిచిందట. సేఠ్‌కి ఆ కంగారులో అబద్ధం ఏదీ దొరకలేదు. డ్రైవరు నిద్రపోయాడమ్మా అని నిజం చెప్పేశాడట.

నేను నవ్వబోయాను. నవ్వు రాలేదు. లెక్క వేసుకుంటున్నాను. గొళ్ళెం అప్పుడే తీసుంటే నాలుగూ ముప్పావుకల్లా కాళీఘాట్ రోడ్డెక్కేవాణ్ణి. ఒక్క మాట పూర్తి చెయ్యలేనివాణ్ణి ఆ మలుపుల్లో ఎన్ని మలుపులు తిప్పేవాణ్ణి? తిరిగొచ్చేటప్పుడు వెనక నలభైమంది. పెళ్ళిబట్టల్లో. లేవబోయినవాణ్ణి మళ్ళీ చాప మీదే కూర్చున్నాను.

బయటికొస్తే నూకరత్నమక్క పెనం మీద అట్టు తిప్పుతోంది. గోడ పక్కన దుప్పటిలో గిన్నెలన్నీ మూటకట్టి ఉన్నాయి. కత్తిపీట కూడా మూటలోకి వెళ్ళిపోయింది.

"అక్కా, నిన్న నేనన్న మాటలు..."

"ముందు తిను."

"సేఠ్ ఏమన్నాడు? ఉండమన్నాడా?"

"ఏమీ అన్లేదు. ఎల్లిపోయాడు. నువ్వు ముందు తిను."

తిన్నాను. నా కోచ్ పోయినట్టే, ఆవిడ గది పోయినట్టే. నా కోచ్ పోయిందని బాధ ఉంది, అబద్ధమెందుకు. కానీ ఆ మూట చూస్తుంటే కోచ్ సంగతి చిన్నదైపోయింది.

ఆరింటికి బస్సు స్టాండులో పెట్టాను. పెళ్ళివాళ్ళంతా పోర్ట్‌బ్లెయిర్‌కి నా బస్సులోనే తిరుగు ప్రయాణం. రాత్రంతా మేలుకుని ఎర్రటి కళ్ళు, నలిగిన పట్టుచీరలు. వెనకాల సేఠ్, నిన్నటి చొక్కాలోనే. నా వైపు చూళ్ళేదు. అక్క అట్ల పొట్లం తీసుకుని వచ్చి మెట్ల దగ్గర నిలబడింది.

కాళమ్మగారు ముందు మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. పొట్టి మనిషి. ఆవిడ ఆగితే వెనక నలభైమందీ ఆగారు.

"నిన్న నిద్రపోయిన డ్రైవరు ఎవడు?"

నేను డ్రైవరు సీట్లోంచి చెయ్యెత్తాను. ఏదైతే అదవుతుందని.

ఆవిడ పైకెక్కి, నా గడ్డం పట్టుకుని మొహం ఎండవైపు తిప్పి, కళ్ళల్లోకి చూసింది. బజార్లో చేప కన్ను చూసి తాజానో కాదో తేల్చినట్టే చూసింది.

"ఎన్ని గంటలు పడుకున్నావు?"

"పన్నెండమ్మా."

"అయితే ఎక్కుతాను," అంది. వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా, "ఎక్కండర్రా! ఈ ఊళ్ళో రాత్రి నిద్రపోయినోడు ఈడొక్కడే!"

సేఠ్‌కి ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఛాతీ కూడా లేచింది. "మా కంపెనీలో రూలమ్మా అది. పన్నెండు దాటితే స్టీరింగు ముట్టనివ్వం. వరసగా తొమ్మిది గంటలు పడుకోనిదే..." అంటూ ఉండగా అక్క ఆయన వైపు చూసింది. సేఠ్ దగ్గాడు. "అంటే... ఈవిడ పెట్టిన రూలు. మేము కాయితం అంటించామంతే."

"ఈవిడెవరు?"

"మా గది చూసుకునే ఆవిడమ్మా," అన్నాడు సేఠ్. అని, అక్క వైపు తిరక్కుండానే, "రత్నం, ఆ మూటేంటి? విప్పెయ్. వచ్చే నెల కొత్త కోచ్ వస్తే ఇంకో డ్రైవరు పెరుగుతాడు. ఇంకో పరుపు కావాలి, చూడు," అన్నాడు.

అక్క పొట్లం నా ఒళ్ళో పెట్టి గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. ఏడుపు మొహం మాకు చూపిస్తుందా ఆవిడ?

"కొత్త బండి కూడా ఈ అబ్బాయే నడుపుతాడా?" కాళమ్మగారు అడిగింది.

సేఠ్ ఇప్పుడు నన్ను చూశాడు. "ఇంకెవరమ్మా," అన్నాడు.

హారన్ కొట్టి బండి తీశాను. మాయాబందర్ మలుపు దాటేదాకా లోపల పాటలు, పేకాటలు, గోల. తర్వాత చప్పుడు తగ్గింది. అద్దంలోకి చూశాను. పెళ్ళికూతురు పెళ్ళికొడుకు భుజం మీద వాలిపోయింది. పెళ్ళికొడుకు కిటికీ మీద వాలిపోయాడు. టికెట్లు కొట్టే బంగారురాజు సంచి కౌగిలించుకుని కూలబడ్డాడు. నా వెనక సీట్లో కాళమ్మగారు నోరు తెరుచుకుని, మధ్యమధ్యలో తడబడుతూ, నిజం గురక పెడుతోంది. మలుపు తిరిగితే తలలన్నీ ఒకవైపు వాలుతున్నాయి, ఇంకో మలుపుకి ఇంకోవైపు. మెల్లగా తిప్పాను. బస్సు మొత్తానికి మేలుకుని ఉన్నది నేనొక్కణ్ణే.